మా చుక్క సోమరిది కాదు

ఈసారి పంట గురించి కాదు, మందుల గురించి కాదు, రేట్ల గురించి అసలే కాదు. మా కుక్క గురించి రాస్తాండా. కొంచెం పొడుగు పోస్టే. మోటరు కాడ కూర్చున్నప్పుడు నిదానంగా చదువుకోండి.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. ఐదెకరాలు. అందులో రెండెకరాలకి బోరు, డ్రిప్పు. మిగతాది వానదేవుడి మీద. అడవి పందుల సంగతి మీకు నేను చెప్పేదేముంది. కాయ ఊరిందంటే చాలు, మనకంటే ముందు వాటికే తెలుస్తుంది. ఒక్క రాత్రిలో అర ఎకరా దున్నినట్టు చేసి పోతాయి. అందుకని పోయిన ఏడాది ఉగాది ముందర ఒక గొర్రెలాయన దగ్గర రెండు నెలల పిల్లని తెచ్చుకున్నా. నల్లది, నుదుటి మీద తెల్ల మచ్చ. అందుకే చుక్క అని పేరు. ఆడపిల్ల. దాని తల్లి మందలో పేరున్న కుక్క, తోడేలుని తరిమిందని ఆయన చెప్పినాడు.

ఏడెనిమిది నెలలు వచ్చేసరికి ఊర్లో దాని ఈడు కుక్కలన్నీ బండ్ల వెంట పడి పరిగెత్తుతాండాయి. ఇది మాత్రం వేపచెట్టు కింద పడుకునేది. పిలిస్తే తల ఎత్తి చూసేది, తోక రెండుసార్లు నేలకి కొట్టేది, మళ్లీ తల పెట్టుకునేది. నేను ఏమనుకున్నానంటే, ఇది సోమరిది. తిండి ఎక్కువైంది. కడుపు మాడితే కాపలా అదే వస్తుందని రాత్రి సంగటి ఆపేసినా. ఒక రాత్రి పందులు పడినాయి. నేను లైటు పట్టుకుని అరుస్తా పోతే ఇది చెట్టు కిందే ఉంది. కోపం ఆపుకోలేక కాలితో ఒకటి తన్నినా. అది కుయ్యిమనలేదు. లేచి రెండు బారలు అవతలికి పోయి మళ్లీ పడుకుంది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాయాల్సిందే.

తర్వాత వారానికి పొద్దున బండ మీద నెత్తురు చుక్కలు కనిపించినాయి. ముక్కులోంచి కారింది. ముల్లు గీసుకుందేమో అనుకున్నా. మా ఇంటామె దాని పెదవి ఎత్తి చూసి, "ఏమయ్యా, దీని చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండాయి, ఇది సోమరితనమా?" అని అడిగింది. ఆమె ఎప్పుడూ అంతే, రెండు ముక్కల్లో మనిషిని నిలబెట్టేస్తుంది.

ఎరువు సంచిలో కూర్చోబెట్టి, బండి మీద నాకూ మావాడికీ మధ్యలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయినాం. మేడం చెవి మడత తిప్పి చూపించింది. పిడుదులు. కొందరు గోమార్లంటారు కదా, అవే. చెవి లోపల, వేళ్ల సందుల్లో ఆముదం గింజల మాదిరి. రక్తం టౌనులో ల్యాబుకి పంపిస్తే హిమోగ్లోబిన్ 6 వచ్చింది. కుక్కకి 12 పైన ఉండాలంట. ప్లేట్‌లెట్లు 40 వేలు. 2 లక్షల పైన ఉండాల్సినవి. మన డెంగీ మాదిరి అనుకోండి. జబ్బు పేరు ఎర్లికియోసిస్ అని చీటీ మీద రాసి ఇచ్చింది. పిడుదు కరిచినప్పుడు ఒక సూక్ష్మజీవి నెత్తుట్లోకి పోయి తెల్లకణాల్లో కాపురం పెడుతుంది. జ్వరం వస్తుంది, రక్తం పోతుంది, కీళ్లు నొప్పులు పుడతాయి. కొన్ని కుక్కలకి మొదట్లో పైకి ఏమీ తెలియదు. నెలలు గడిచినాక ఇట్లా బయటపడుతుందంట. అంటే నేను సంగటి ఆపి, తన్నిన కుక్క, ఒంట్లో సగం నెత్తురుతో నా చేను కాడ పడుకుని ఉండేది.

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. పదిమందికి ఎప్పుడూ చెప్పలేదు. దీనికి ముందు రాజు అని మగకుక్క ఉండేది. దానికీ పిడుదులు పట్టినాయి. నాలుగేళ్ల కింద, చేనుకి కొట్టే మందు డబ్బాలో మిగిలుంటే బకెట్ నీళ్లలో కలిపి దానికి స్నానం చేయించినా. ఊర్లో చాలామంది చేస్తారు, నేనూ చేసినా. సాయంత్రానికి నోట్లో నురగ, ఒళ్లంతా వణుకు, కాళ్లు కొట్టుకోవడం. తెల్లారేసరికి పోయింది. పాము కరిచిందని అందరికీ చెప్పినా. మా ఇంటామెకి నిజం తెలుసు, ఆమె కూడా పాము అనే చెప్పింది. మందు పేరు ఇక్కడ రాయను. తప్పు మందుది కాదు, నాది. మీరు మాత్రం చేను మందు కుక్క మీద పోయొద్దు. అది నాలుకతో ఒళ్లంతా నాక్కుంటుంది, చర్మంలోంచి కూడా విషం లోపలికి పోతుంది. పిడుదులకి కుక్కల కోసం వేరే మందులు ఉండాయి. బరువు చూసి డాక్టరే ఇస్తారు. అట్లే మనం ఒళ్లు నొప్పులకి వేసుకునే బిళ్లలు కూడా కుక్కకి వేయొద్దు. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి.

చుక్కకి 28 రోజులు బిళ్లలు. ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకుంటాది, సంగటి ముద్ద మధ్యలో పెట్టి వేసేవాళ్లం. రక్తానికి టానిక్కు, రోజూ ఒక ఉడికించిన గుడ్డు. పది రోజుల్లో జ్వరం పోయింది. మేడం ముందే చెప్పింది, "జ్వరం పోయినా హుషారు వెంటనే రాదు. కొన్నిటికి మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. పరిగెత్తించొద్దు, అట్లని మూల కూడా పడేయొద్దు" అని. చెప్పినట్టే సంక్రాంతికి ఒకసారి, రోహిణి కార్తె ఎండల్లో ఒకసారి తిరగబెట్టింది. మళ్లీ పరీక్షలు, మళ్లీ బిళ్లలు.

పరిగెత్తించొద్దు, మూల పడేయొద్దు. ఈ రెండిటి మధ్య ఏం చేయాలో నాకు తెలియలేదు. అది గోడ వైపు మొహం పెట్టుకుని పడుకునేది. సరిగ్గా అట్లా పడుకోవడం నాకు తెలుసు. 2006లో మన వైపు చికున్ గున్యా వచ్చింది కదా, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంటికి ఒకరన్నా మంచం పట్టినారు. జ్వరం వారంలో పోయింది గానీ నా మోకాళ్లు ఏడాది దాకా లేవలేదు. మా నాయన బయట అరుగు మీద కూర్చుని, "వయసులో ఉండే మగోడు, పడుకున్నే ఉంటాడు" అని వచ్చినోళ్లకీ పోయినోళ్లకీ చెప్పేవాడు. నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ నొచ్చేది. అప్పుడు మా చిన్నాన్న ఒకాయన రోజూ వచ్చి, ఒక చాటలో విత్తనం గింజలు పోసి నా ముందు పెట్టేవాడు. "పుచ్చువి ఏరి పెట్టప్పా, నాకు కండ్లు ఆనవు" అనేవాడు. ఆయనకి కండ్లు బాగానే ఆనేవి. కూర్చుని చేసే పని ఒకటి నాకు ఇచ్చినాడు, అంతే.

మరి కుక్కకి కూర్చుని చేసే పని ఏముంది? మావాడు బంతి కొనుక్కొచ్చి విసిరినాడు. అది బంతిని చూసింది, వాడిని చూసింది, కండ్లు మూసుకుంది. బజార్లో వేరే కుక్కలతో కలిపితే అవి దీన్ని కింద పడేసి తొక్కినాయి. అవన్నీ దాని ఒంటితో పని. చివరికి నాకు తట్టింది ఏమంటే, కుక్కకి కాళ్లు పోయినా ముక్కు పోదు. మనకి కండ్లు ఎట్లో దానికి ముక్కు అట్ల.

ఉడికించిన గుడ్డు ఇస్తాం కదా, ఒక్కసారి గిన్నెలో వేయకుండా ఐదారు ముక్కలు చేసినా. వామి నుంచి దోసెడు శనక్కాయ కట్టె తెచ్చి దాని ముందర పరిచి, ముక్కలు పైపైన పెట్టినా. మొదటి రోజు పైన కనిపించేవి తిని ఊరుకుంది. రెండో రోజూ అంతే. నాలుగో రోజు ఒక ముక్క కట్టె కింద దాచి పెట్టినా. ముక్కు ఆ కట్టెలో పెట్టి బుస్సు బుస్సుమని ఊదింది, కాలితో ఒకసారి గీరింది, ముక్క దొరికింది. ఆ పొద్దు దాని తోక చూడాల్సింది మీరు. పడుకున్న చోటు నుంచి లేవకుండానే అంత సంతోషపడింది. మా ఇంటామె తలుపు కాడ నిలబడి చూస్తాండాది, నేను చూడనట్టు లోపలికి పోయింది.

తర్వాత గోతాం సంచి మడతల్లో, కొబ్బరి పీచులో, బోర్లించిన సత్తు గిన్నె కింద, ఇట్లా మారుస్తా వచ్చినాం. దీనికి ఖర్చు ఏమీ లేదు, ఎట్లాగూ పెట్టే తిండే. ఎండ ఎక్కకముందు ఐదు నిమిషాలు, పొద్దు వాలినాక ఐదు నిమిషాలు. అంతకంటే వద్దు. నేను మొదట్లో ఆశపడి అరగంట ఆడించినా, మరుసటి రోజంతా అది లేవలేదు. బాగా చేస్తాండగానే మనం ఆపేయాలి. అది అలిసి ఆగిపోయేదాకా చూడకూడదు. నాలుక బాగా బయట పెట్టినా, వెనకాల పడినా, దొరికిన ముక్క తినకుండా పక్కకి చూసినా ఆ పూటకి చాలించాల. రోజూ పొద్దున పెదవి ఎత్తి చిగురు మీద వేలు పెట్టి నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకండ్లలో ఎరుపు తిరిగి రావాల. రాకపోతే, చిగురే పాలిపోయి ఉంటే, ఆ రోజు ఆట లేదు, ఆసుపత్రే.

సాయంత్రం డ్రిప్పు పైపులు చూడటానికి పోయేటప్పుడు దాన్నీ తీసుకుపోతా. ఎలకలు, ఉడతలు నీళ్ల కోసం పైపులు కొరుకుతాయి కదా. మూడు సాళ్లు, అంతే. నా నడక ప్రకారం కాదు, దాని ముక్కు ప్రకారం. ఒక్కో గట్టు కాడ రెండు నిమిషాలు వాసన చూస్తుంది. మొదట్లో తాడు లాగేవాడిని, పని కావాలని. ఇప్పుడు నేనూ నిలబడతా. నిలబడితే నాకూ చానా కనిపిస్తాండాయి. ఒకరోజు అది బొరియ కాడ కదలకుండా నిలబడితే చూసినా, కొరికిన పైపు కట్టె కింద నీళ్లు చిమ్ముతాండాది. నేనైతే దాటి పోయేవాడిని.

మార్చిలో రబీ కాయ ఊరినప్పుడు రాత్రి మంచె కాడ పడుకోబెట్టుకున్నా. ఉరకలేదు కదా, తోడుకని. నడిరాత్రి నిద్రలో నా చేతి కింద దాని వీపు గట్టిపడింది. మొరగలేదు. తల ఎత్తి, ముక్కు వంక వైపు పెట్టి, గొంతులో సన్నగా గుర్రుమంటాండాది. నాకేమీ వినపడలేదు. లైటు వేసి డబ్బా కొట్టినా. కొంచెంసేపటికి వంకలో కంప విరిగిన చప్పుడు, పందులు వెనక్కి మళ్లినాయి. ఇట్లా ఆ పంటలో మూడుసార్లు లేపింది. రెండుసార్లు మాత్రం దానికి జ్వరం, పందులు వచ్చి తిని పోయినాయి. అదీ చెప్పాల కదా.

పిడుదుల సంగతి ఒక ముక్క. కుక్క మీద ఉండేవి కొన్నే. కడుపు నిండినాక దిగి గోడ పగుళ్లలో వేలల్లో గుడ్లు పెడతాయి. అందుకే పాకలో పగుళ్లు మెత్తి, సున్నం కొట్టి, అది పడుకునే సంచులు వారానికోసారి సలసల కాగే నీళ్లలో వేస్తాం. నాటుకోళ్లని పగలంతా అక్కడే వదులుతాం, అవి ఏరుకు తింటాయి. వేళ్లతో నలపొద్దు, చిమ్మటంతో పీకి సబ్బునీళ్లలో వేయండి. పాక అంతా బాగు చేసినా మా గొర్రెల దొడ్డి వైపు నుంచి మళ్లీ ఎక్కుతాండాయి. దీనికి మీలో ఎవరికన్నా మంచి ఉపాయం తెలిస్తే కింద రాయండి, నిజంగా కావాలి.

మా బావ మొన్న వచ్చి లెక్క కట్టినాడు. "దీని పరీక్షలకి, బిళ్లలకి పెట్టిన డబ్బుతో రెండు మంచి కుక్కల్ని సాకొచ్చు గదప్పా. దీన్ని సంతలో వదిలేసి రా" అన్నాడు. లెక్క ప్రకారం ఆయనే కరెక్టు. ఐదెకరాలోడికి ఇది తక్కువ ఖర్చు కాదు, పోయిన నెల యూరియా బాకీ కూడా కట్టలేదు. నేను జవాబు చెప్పలేదు. మా ఇంటామె లోపల నుంచి, "అన్నా, ఈయన మోకాళ్లు పట్టుకుని ఏడాది పడుకున్నప్పుడు సంతలో వదిలింటే నేనూ ఇంకొకర్ని తెచ్చుకుంటాంటిని" అంది. బావ నవ్వి కాఫీ తాగి పోయినాడు.

ఈ వారం మళ్లీ తగ్గింది. ముక్కలు ఐదు పెడితే రాత్రి రెండే వెతికింది. మూడోదాని కాడికి ముక్కు పోయింది గానీ కాలు లేవలేదు. తల నా పాదం మీద పెట్టుకుని పడుకుంది. మిగతా మూడూ నేనే ఏరి చేత్తో తినిపించినా. చిగురు కొంచెం పాలిపోయినట్టే ఉంది. పొద్దున్నే రక్తం పరీక్షకి తీసుకుపోతాండా, మోటరు మా తమ్ముడు వేస్తానన్నాడు.