మూడు బొమ్మల టికెట్

టోక్యో పక్కన మిటాకా స్టేషన్‌లో దిగి, కాలువ గట్టు వెంట చెట్ల నీడన పావుగంట నడిస్తే జీబ్లీ అనే కార్టూన్ సినిమాల సంస్థ మ్యూజియం. టికెట్లు అక్కడ గేటు దగ్గర అమ్మరు. ప్రతి నెలా 10వ తేదీన పై నెలవి అమ్మకానికి పెడతారు. టోక్యోలో ఉద్యోగం చేస్తున్న నా మేనకోడలు ఆఫీసు పని పక్కన పడేసి మరీ పట్టింది. ఆ సంగతి దారిలో మూడుసార్లు చెప్పింది కూడా.

లోపలికి వెళ్లగానే మన కాగితం తీసుకుని చేతిలో రీలు ముక్క పెడతారు. అదే టికెట్. జీబ్లీ సినిమాలోంచి కత్తిరించిన మూడు ఫ్రేములు, చుట్టూ అట్ట. కిటికీ వెలుగుకేసి పట్టుకుని చూస్తే పచ్చగడ్డి, దాని మీద ఒక చిన్న చెయ్యి.

చిన్నప్పుడు మా ఊరి టాకీసు వెనక ఇలాంటి ముక్కల కోసమే కొట్టుకునేవాళ్లం. ఫ్యూజు పోయిన బల్బు మూతి ఊడగొట్టి, నీళ్లు పోసి, దాని వెనక రీలు ముక్క నిలబెట్టి, అద్దంతో ఎండ కొడితే చీకటి గదిలో నాన్న పంచె మీద హీరో తలకిందులుగా పడేవాడు. ముక్కను తిరగేసి పెట్టాలని తెలియడానికి ఓ వేసవి పట్టింది. ఎన్ని చేసినా హీరో మాత్రం కదిలేవాడు కాదు.

ఆ కదలిక ఇక్కడ కింది అంతస్తులో దొరికింది. పెద్ద చక్రం మీద వందలాది బుల్లి బొమ్మలు: తాడాట ఆడే పిల్లలు, గెంతే టొటోరోలు అనే జీబ్లీ సినిమా బొచ్చు జీవులు, పరిగెత్తే పిల్లి బస్సు. పక్కపక్క బొమ్మలకు తేడా వెంట్రుకవాసి. చక్రం తిరగ్గానే అంతా అలుక్కుపోతుంది. అప్పుడు దీపం టకటకా వెలిగి ఆరడం మొదలవుతుంది. అంతే, టొటోరో గెంతాడు! నేను నాలుగుసార్లు నిలబడి చూశాను. గెంతడం కన్నా, చక్రం ఆగి మళ్లీ అన్నీ ఉత్త బొమ్మలైపోయే క్షణమే నాకు నచ్చింది.

2001లో తెరిచిన ఈ మ్యూజియం జీబ్లీ దర్శకుడు మియజాకి హయావో మనసులో పుట్టింది. 1958లో హైస్కూలు కుర్రాడిగా 'హకుజాదెన్' అనే రంగుల కార్టూన్ సినిమా చూసి మనసు పారేసుకున్నాడు. 1963లో ఆ సినిమా తీసిన తోయే సంస్థలోనే పనికి చేరాడు. చేరినవాడికి ఇచ్చిన పని, పెద్దవాళ్లు వేసిన రెండు ముఖ్యమైన బొమ్మల మధ్య బొమ్మలు పూరించడం.

పై అంతస్తులో చిత్రకారుడి గదిలా అమర్చిన చోట, గోడల నిండా బొమ్మలు, బల్ల మీద సీసాల్లో అరిగిపోయిన పెన్సిలు ముక్కలు. వేలి కణుపంత కూడా లేవు. నేను పత్రికలకు బొమ్మలు వేసి బతికినవాణ్ణి. కథలో అమ్మాయి తల తిప్పిందంటే తిప్పిన తల ఒక్కటి వేస్తాను, మిగతాది పాఠకుడు చూసుకుంటాడు. కార్టూన్ సినిమాలు తీసేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. లోపల ఫొటోలు తీయనివ్వరు. మొదట చిరాకేసినా, ఆ సీసాల ముందు అంతసేపు నిలబడింది అందుకేనేమో.

బుల్లి థియేటర్లో ఆ రోజు 'కెముషి నో బోరో' వేశారు. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన గొంగళిపురుగు కథ, 14 నిమిషాలు. గాలికీ ఆకుకీ పురుగుకీ అన్నిటికీ చప్పుడు ఒక్క మనిషి నోటితోనే, తామోరి అనే హాస్యనటుడిది. జపనీస్ రాని నాకు ఒక్క అనువాదమూ అవసరం పడలేదు.

మెట్లెక్కి మిద్దె మీదికి వెళ్తే రాగిరంగు రోబో సైనికుడి విగ్రహం. అక్కడ ఫొటోలు తీసుకోవచ్చు, జనమంతా అక్కడే. నేను టికెట్ మళ్లీ ఆకాశానికి పట్టాను.

"మూడూ ఒకటేగా మావయ్యా," అంది పిల్ల.

మొదటి రెండూ ఒకటే. సెకనుకు 24 ఫ్రేములైనా ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు తీస్తుంటారు. మూడోది చూడమన్నాను. కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"వేలు! వేలు వంగింది."