నీళ్లను బట్టి బట్టలు

బాథెల్, వాషింగ్టన్ రాష్ట్రం
ఏప్రిల్ 19

అక్కయ్యా,

క్షేమంగా చేరాను. నీ చిన్నాడూ కోడలూ విమానాశ్రయానికి వచ్చారు. నువ్విచ్చిన ఆవకాయ సీసా మూత కూడా కదలలేదు. ఆ రాత్రే తెరిచేశారు. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

నేను బయల్దేరే ముందు నువ్వు చెప్పిన మాట మనసులోనే ఉంది. వాడు కయాక్ అనే చిన్న పడవ వేసుకుని చేపలకు వెళ్తున్నాడనీ, ఫొటోలో ఉత్త టీషర్టుతో కనిపించాడనీ, అప్పట్నుంచీ నీకు కంటిమీద కునుకు లేదనీ అన్నావు. ఆ ఫొటో ఆగస్టులో వాషింగ్టన్ సరస్సులో తీసినది. ఆ నెలలో సరస్సు పైనీళ్లు 20 డిగ్రీలు దాటతాయి. అందుకని దాని గురించి బెంగ పడకు. నువ్వు అడగాల్సింది ఇప్పటి సంగతి. వచ్చే నెల 1న ఇక్కడ లింగ్‌కాడ్ అనే చేపకు సీజన్ మొదలవుతుంది, జూన్ 15తో ముగుస్తుంది. అది దొరికేది సరస్సులో కాదు, ప్యూజెట్ సౌండ్ అనే ఉప్పునీటి పాయలో. పసిఫిక్ సముద్రమే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిందనుకో.

నిన్న చిన్నాడు నన్ను ఆ పాయ మీదున్న ఎడ్మండ్స్ ఒడ్డుకు తీసుకెళ్లాడు. ఎండ చక్కగా కాస్తోంది. పిల్లలు పొట్టి చేతుల చొక్కాలతో ఇసుకలో ఆడుతున్నారు. నేను వంగి మణికట్టు దాకా చెయ్యి ముంచాను. కాసేపటికే ఎముకల్లోంచి సలుపు మొదలైంది. చిన్నాడు థర్మామీటరు వేసి చూపించాడు, 9 డిగ్రీలు. నడివేసవిలో కూడా ఈ పాయ నీళ్లు చాలా చోట్ల 13 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయట. మన భీమిలి సముద్రం ఎండాకాలంలో 28, 29 ఉంటుంది.

వాడి కయాక్ మీద కూర్చోవడమే, లోపల కూర్చోవడం ఉండదు. మన జాలర్ల తెప్పలాగే అల పైకెక్కుతుంది, అడుగున ఉన్న కన్నాల్లోంచి దిగిపోతుంది. అంటే నడుము కింద ఎప్పుడూ తడే. తెప్ప మీంచి జారిన మనవాడు నవ్వుతూ ఈది మళ్లీ ఎక్కుతాడు. ఇక్కడ అలా కుదరదు.

చన్నీళ్లలో పడితే బిగుసుకుపోయి చనిపోతారని అందరూ అనుకుంటారు. చాలామంది విషయంలో అంతదాకా రానే రాదు. మంచులాంటి నీళ్లు తగలగానే ఛాతీ దానంతటదే ఒక్కసారిగా గాలి లాగేస్తుంది. ఎంత ధైర్యస్థుడైనా ఆపుకోలేడు. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే లోపలికి పోయేది గాలి కాదు. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ తన సొంత శరీరాన్నే అనేకసార్లు చన్నీళ్లలో పెట్టి ఈ సంగతులు పరిశీలించారు. ఆయన చెప్పిన లెక్క 1-10-1. మొదటి 1 నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి. తర్వాతి 10 నిమిషాలు చేతులూ కాళ్లూ మన మాట వినే సమయం. ఆ పైన స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. మామూలు బట్టల్లో పడినవాడు ఆ గంట దాకా బతకాలంటే ముందు ఆ నిమిషం దాటాలి, ఆ పది నిమిషాల్లో పడవ ఎక్కాలి.

ఇక్కడి వాళ్లు ఏ కొత్తవాడికైనా మొదట చెప్పే మాట గాలిని చూసి కాదు, నీళ్లను చూసి బట్టలు కట్టుకోమని. ఏప్రిల్ ఎండ మనిషిని మోసం చేస్తుంది అక్కయ్యా. జనవరిలో అందరికీ భయం ఉంటుంది. ఇలాంటి రోజునే ఉండదు.

సియాటిల్
ఏప్రిల్ 23

అక్కయ్యా,

ఈ రోజంతా దుకాణంలోనే గడిచింది. కుట్టు మిషను మీద ఇన్నేళ్లు కూర్చున్నదాన్ని కదా, నాకు పండగే.

ముందు వెట్‌సూట్ చూపించారు. నియోప్రీన్ అనే మెత్తటి రబ్బరుతో చేస్తారు, దాని నిండా సన్నటి గాలిబుడగలు. 1950ల మొదట్లో కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆలోచించిన దుస్తు ఇది. ఒళ్లు తడిసినా ఫరవాలేదు, వేడి నిలిస్తే చాలన్నది ఆయన ఆలోచన. ఒంటికీ రబ్బరుకీ మధ్య పలచని నీటి పొర చిక్కుకుంటుంది, మన వేడికి వెచ్చబడుతుంది. అయితే ఒంటికి అతుక్కున్నట్టు ఉండాలి. వదులైతే కదిలినప్పుడల్లా కొత్త చన్నీళ్లు లోపలికొస్తాయి. కయాక్ వాళ్లు ఎక్కువగా వాడేది 3 మిల్లీమీటర్ల మందం, చేతులు లేనిది. వేసవి సరస్సులకు అది బాగుంటుంది. 9 డిగ్రీల నీళ్లలో చేతులూ భుజాలూ వదిలేసే బట్టను నేనైతే ఒప్పుకోను. పైగా గాలం వేసినవాడు గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. తడి బట్ట మీద గాలి కొడుతుంటే కూర్చున్నచోటే వణుకు పుడుతుంది.

రెండోది ఛాతీ దాకా వచ్చే వేడర్లు. ఏటిలో నిలబడి చేపలు పట్టేవాళ్లవి. చవక, అందుకే చిన్నాడి చూపు వాటి మీద పడింది. అందులో నీళ్లు నిండితే రాయిలా ముంచేస్తాయని ఒక భయం ఉంది. అది నిజం కాదు, నీళ్లలో నీళ్లకు బరువెక్కడిది. కానీ పడవ మీదకు ఎక్కబోయినప్పుడు ఆ నీళ్లన్నీ కాళ్లకు వేలాడతాయి. నడుముకి బెల్టు బిగించి, పైన నీళ్లు చొరని చొక్కా వేసినా ఎక్కడో ఒకచోట లోపలికొస్తాయి. ఒడ్డుకు దూరంగా వెళ్లేవాడికి అది చాలదని చెప్పాను. కాసేపు నసిగాడు, చివరికి ఒప్పుకున్నాడు.

కొన్నది డ్రైసూట్. వెయ్యి డాలర్ల పైమాటే. కోడలు మొహం చూశాను, ఒక్క మాట అనలేదు. మెడ నుంచి పాదాల దాకా ఒకటే బట్ట. లోపల మేజోళ్లు కూడా దానికే అతికించి ఉన్నాయి. కుట్లన్నీ తిరగేసి చూశాను. సూది గుచ్చిన ప్రతి కన్నం మీదా లోపలి నుంచి టేపు అతికి ఉంది. చెమట ఆవిరి బయటికి పోతుంది, నీటిబొట్టు లోపలికి రాదు. మెడ దగ్గరా మణికట్ల దగ్గరా లేటెక్స్ రబ్బరు పట్టీలు ఉన్నాయి. ప్రాణమంతా వాటిలోనే. ఎండకీ సన్‌స్క్రీన్ జిడ్డుకీ అవి పాడవుతాయి, ఉంగరం రాయి తగిలితే చిరుగుతాయి. అందుకని తొడుక్కునే ముందు ఉంగరం, చేతి కడియం, మెడలో గొలుసు అన్నీ తీసెయ్యాలి. నువ్వు చేయించిన ఉంగరం ఇంట్లో పెట్టి వెళ్తాడు, ఏమీ అనుకోకు. ఇంకో సంగతి బావగారికి చెప్పు. ముందువైపు వేరే జిప్పు ఉన్నదే తీసుకున్నాం. అది లేకపోతే బయటికి వెళ్లే అవసరం వస్తుందని మగవాళ్లు మంచినీళ్లు తాగడం మానేస్తారు, అది ఇంకో ప్రమాదం.

డ్రైసూట్‌కు తనంతట తానుగా వెచ్చదనం లేదు. అది తడిని ఆపుతుంది, అంతే. వెచ్చదనం లోపలి బట్టలది. ఒంటికి ఆనుకుని మెరినో ఉన్ని బనీను, దాని మీద ఫ్లీస్, కాళ్లకు మందపాటి ఉన్ని మేజోళ్లు. నూలు బట్ట ఒక్కటీ ఉండకూడదు. మన ఎండలకు అంత హాయినిచ్చే నూలు చెమటకే తడిసిపోయి, ఆ తడిని వదలకుండా ఒంట్లో వేడి లాగేస్తుంది. నువ్వు డజన్ల లెక్కన పంపిన బనీన్లు వాడు ఇంట్లో వేసుకుంటాడు.

ఈ తీరం వాళ్లకు ఉన్ని విలువ కొత్త కాదు. ఇక్కడి కోస్ట్ సేలిష్ ప్రజలు ఉన్ని కోసమే ఒక జాతి కుక్కల్ని పెంచి, ఆ బొచ్చునూ కొండమేక ఉన్నినీ కలిపి దుప్పట్లు నేసేవాళ్లు. మటన్ అని పేరున్న అలాంటి కుక్క 1859లో చనిపోయింది. దాని చర్మం స్మిత్‌సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. దాని జన్యువులు పరిశీలించిన శాస్త్రవేత్తలు 2023లో ఫలితాలు ప్రచురించారు. ఆ జాతిని వేరే కుక్కలతో కలవకుండా ఎన్నో తరాలు కాపాడుకున్నారట. ఇంకా ఉత్తరాన, కయాక్‌ను పుట్టించిన ఇన్యూట్, అల్యూట్ వేటగాళ్ల ఆడవాళ్లు సీలు, సముద్రసింహం పేగులను శుభ్రం చేసి, ఆరబెట్టి, చీల్చి, నరాలతో నీళ్లు చొరకుండా అంగీలు కుట్టేవాళ్లు. వాటి ఫొటోలు చూశాను. ఆ కుట్లు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది. టేపు లేదు, యంత్రం లేదు. కుట్టు వదిలితే మగవాడు ఇంటికి రాడని తెలిసి కుట్టిన కుట్లు అవి.

రంగు దగ్గర కూడా మాటా మాటా అనుకున్నాం. వాడు బూడిద రంగు పట్టుకున్నాడు. నేను నారింజ రంగే అన్నాను. సముద్రం బూడిద రంగు, ఆకాశం బూడిద రంగు, వెతికే పడవ వాడికి ఏం కనబడుతుంది? నారింజే కొన్నాం.

అనకోర్టెస్
ఏప్రిల్ 27

అక్కయ్యా,

ఇది చదివే ముందు ఒక్క మాట, చిన్నాడు బాగున్నాడు. ఈ రోజు వాడంతట వాడే నీళ్లలో దూకాడు, నేర్చుకోవడానికి.

ఇక్కడికి దగ్గర్లో డిసెప్షన్ పాస్ అని రెండు దీవుల మధ్య సన్నటి సందు ఉంది. పోటుపాట్ల సమయంలో అక్కడ నీళ్లు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పరిగెడతాయి. పైన వంతెన మీంచి చూస్తేనే కళ్లు తిరిగాయి. ఆ పక్కనే బోమన్ బే అని ప్రశాంతమైన చిన్న పాయ. అక్కడే శిక్షణ. నేర్పే ఆవిడ మాటలు తక్కువ, కళ్లు మాత్రం వాడి మీంచి తీయదు. నాకు నచ్చింది.

నీళ్లలో దిగే ముందు మోకాళ్ల లోతులో వాడిని గొంతుక్కూర్చోబెట్టి, మెడ పట్టీని వేలితో కాస్త తెరిపించింది. సూట్‌లో ఉన్న గాలి బుస్సుమని బయటికి పోయింది. గాలి మిగిలితే కాళ్ల దగ్గర చేరి కాళ్లు పైకి తేలతాయట. తర్వాత లైఫ్ జాకెట్ పట్టీలు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూసింది. గడ్డం దాకా జరిగింది. మళ్లీ బిగించింది. ఈ రాష్ట్రంలో పడవలో మనిషికొక జాకెట్ ఉండాలని చట్టం. వేసుకుని తీరాలన్న నిబంధన మాత్రం చిన్న పడవల్లో 12 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలకే. పెద్దవాళ్లు కాళ్ల దగ్గర పెట్టుకున్నా తప్పు కాదు. నా దృష్టిలో ఇది సరిపోదు. ఆ మొదటి నిమిషంలో నోరు నీటికి పైన ఉంచేది జాకెట్ ఒక్కటే. ఊపిరే అదుపులో లేనివాడు తేలిపోతున్న జాకెట్‌ను పట్టుకుని తొడుక్కోవడం జరిగే పని కాదు. నీళ్లలో పడ్డాక గాలి నింపుకునే రకాలు కూడా వద్దంది ఆవిడ, నురుగు నింపినదే మేలంది.

తర్వాత దూకాడు. తల మునిగి పైకి వచ్చాడు. సూట్ ఉన్నా మొహానికీ మెడకీ చన్నీళ్లు తగిలేసరికి "హా" అని అరుపులాంటి ఊపిరి తీశాడు. ఒడ్డున నా గుండె జారిపోయింది. ఆవిడ "ఏమీ చెయ్యకు, తేలుతూ ఉండు" అని మాత్రం అంది. మెల్లగా ఊపిరి కుదురుకుంది. మళ్లీ దూకినప్పుడు మన మంకీ క్యాపులాంటి నియోప్రీన్ టోపీ పెట్టించింది. ఈసారి అంత అరుపు లేదు.

ఆ తర్వాత చేతొడుగులు తీయించి, కొన్ని నిమిషాలు చేతులు నీళ్లలో ఉంచమంది. అప్పుడు జాకెట్ బకిల్ తీసి పెట్టమంటే వేళ్లు పలకలేదు అక్కయ్యా. వేళ్లు ఉన్నాయి, చెప్పిన మాట వినవు. గాలం ముడి వెయ్యడానికి వీలని చేతొడుగుల్లేకుండా వెళ్లేవాళ్లు ఇది ఒక్కసారి చూడాలి. బొటనవేలూ, మరో రెండు వేళ్లూ బయటికొచ్చే నియోప్రీన్ తొడుగులు ఉంటాయి, వాటితో ముడి వెయ్యొచ్చు.

కయాక్ మీదకు ఎక్కడం అన్నిటికన్నా కష్టం. నీళ్లలో బల్లపరుపుగా తేలుతూ, కాళ్లు గట్టిగా కొడుతూ, పొట్ట మీద పైకి పాకాలి. జాకెట్ ముందు జేబుల్లో శ్రావణాలు, గాలాల డబ్బా కుక్కుకున్నందువల్ల రెండుసార్లు తట్టుకుని జారాడు. జేబులన్నీ ఖాళీ చేయించింది. విజిల్, చిన్న కత్తి, రేడియో మాత్రం ఉంచింది. రేడియో పడవకు కాదు, ఒంటికి కట్టుకోవాలి. పడవ కొట్టుకుపోతే దానితోపాటు పోకూడదు కదా. 16వ ఛానెల్‌లో పిలిస్తే కోస్ట్‌గార్డ్ వింటారు.

లోపలి బట్టలు చివరిదాకా పొడిగానే ఉన్నాయి. నేనే తడిమి చూశాను. ఒడ్డు మీద ఎండలో మాత్రం వాడికి చెమటలు పట్టాయి. ఉక్కగా ఉందని జిప్పు తీసుకుని కూర్చోవడమే అన్నిటికన్నా చెడ్డ అలవాటని ఆవిడ గట్టిగా చెప్పింది. వేడెక్కితే టోపీ నీళ్లలో ముంచి పెట్టుకో, చేతులు ముంచు, లోపల ఒక పొర తగ్గించుకో. జిప్పు మాత్రం మూసే ఉండాలి.

అనకోర్టెస్
మే 2

అక్కయ్యా,

చేప దొరికింది. లింగ్‌కాడ్ 26 అంగుళాల కన్నా చిన్నదైనా 36 కన్నా పెద్దదైనా వదిలెయ్యాలి. రోజుకి ఒక్కటే ఉంచుకోవచ్చు. దీని మాంసం ఒక్కోసారి నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంటుంది, వండితే తెల్లబడుతుంది. కోడలు భయపడుతూనే పులుసు పెట్టింది. చింతపండు, మెంతులు పడ్డాక రంగెవరు చూస్తారు. ముల్లు తక్కువ, పెద్ద పెద్ద తునకలు. చాలా బాగుంది.

వాడు ఒంటరిగా వెళ్లలేదు, శిక్షణలో కలిసిన ఇద్దరితో వెళ్లాడు. ఏ ఒడ్డు నుంచి దిగుతున్నాడో, ఎన్నింటికి తిరిగొస్తాడో, ఏ వేళ దాటితే కోస్ట్‌గార్డ్‌కి ఫోన్ చెయ్యాలో కోడలికి రాసిచ్చి వెళ్లాడు. రాగానే సూట్‌ను మంచినీళ్లతో కడిగి, తిరగేసి నీడలో ఆరేశాడు. నేను ప్రతి పట్టీ చూశాను, పగుళ్లు లేవు.

నువ్వు మాత్రం ఒక సాయం చెయ్యి. వాడికి ఫోన్ చేసినప్పుడు "జాగ్రత్త నాన్నా" అని ఊరుకోవద్దు. దానికి వాడు "సరేనమ్మా" అంటాడు, అంతటితో అయిపోతుంది. "ఇవాళ నీళ్లు ఎన్ని డిగ్రీలు? ఒంటి మీద ఏం వేసుకున్నావు? జాకెట్ బిగించావా? ఎవరితో వెళ్తున్నావు?" అని అడుగు. బావగారిని కూడా అలాగే అడగమను. ఎండ బాగా ఉన్న రోజున మరీ మరీ అడగండి.