పదకొండు దాటాక గిటార్

మా అపార్ట్‌మెంట్‌లో గోడలు నాలుగున్నర అంగుళాలు. పక్క ఫ్లాట్‌లో కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో మా హాల్లో కూర్చుని లెక్కపెట్టవచ్చు. వాళ్లు స్టౌ కట్టేయడం మరిచిపోతే మా ఆవిడ బాల్కనీలోంచి గుర్తుచేసిన రోజులూ ఉన్నాయి. అలాంటి కొంపలో నేను నలభై ఏడో ఏట ఎలక్ట్రిక్ గిటార్ కొన్నానని తెలిసి, అసోసియేషన్ సెక్రటరీగారు లిఫ్టులో నన్ను కాస్త జాలిగా, కాస్త అనుమానంగా చూశారు. పాపం, నేను దాన్ని కొన్నదే ఎవరికీ వినపడకూడదని ఆయనకేం తెలుసు!

మామూలు గిటార్‌కి బోలు పొట్ట ఉంటుంది. తీగ మీటితే ఆ పొట్ట మోగుతుంది, గది నిండుతుంది, మా గోడల్లాంటి గోడలైతే పక్కింటి గది కూడా నిండుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కి పొట్ట లేదు. మూడున్నర కిలోల నిండు చెక్క. వైరు తగిలించకుండా మీటితే వచ్చే చప్పుడు, చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకున్న జీరంగి చేసే చప్పుడంత. ఫ్యాన్ మూడు మీద తిరుగుతుంటే మంచానికి అవతలి కొసన పడుకున్న మనిషికి చేరదు. చెక్క ఛాతీకి ఆని ఉంటుంది కాబట్టి వాయించేవాడికి మాత్రం చెవుల్లో కొంత, ఎముకల్లో కొంత వినపడుతుంది. ఆఫీసు, ట్రాఫిక్, భోజనం, టీవీ అన్నీ అయ్యాక నాకు దొరికేది ఆ పదకొండు తరవాతి గంటే.

తమాషా చూడండి, ఈ వాయిద్యాన్ని పుట్టించింది మాత్రం వినపడక ఏడ్చినవాళ్లు. 1920ల్లో అమెరికా డాన్సు బ్యాండుల్లో బాకాలు, శాక్సఫోన్లు, డ్రమ్ముల నడుమ గిటార్ వాయించేవాడు ఒక మూల కూర్చునేవాడు. వాయిస్తున్నాడని చూసినవాళ్లకే తెలిసేది. ఆ బాధ పడ్డవాళ్లలో జార్జి బీచమ్ అనే ఆయన 1931లో తీగల దగ్గర అయస్కాంతమూ రాగితీగ చుట్టా అమర్చి ఒక నమూనా చేయించాడు. మరుసటి ఏడు లాస్ ఏంజెలస్‌లో అమ్మకానికి వచ్చిన గిటార్ అల్యూమినియంతో పోత పోసింది. గుండ్రటి పళ్లెం, దానికో పొడుగాటి కాడ. జనం దానికి ‘ఫ్రయింగ్ పాన్’ అని పేరు పెట్టారు. మన వంటింట్లో అయితే కాడ పెనం. హవాయి పద్ధతిలో ఒళ్లో పడుకోబెట్టుకుని వాయించేది. పేటెంటు చేతికొచ్చేసరికి 1937 అయింది. ఆయన ఊరందరికీ వినపడాలని అంత శ్రమపడితే, తొంభై ఏళ్ల తరవాత నేను దుప్పటి కప్పుకుని వాయిస్తున్నాను.

నాకీ పిచ్చి అంటుకున్నది తెనాలి దగ్గర మా ఊళ్లో, శ్రీరామనవమి పందిట్లో. ఏటా ఆర్కెస్ట్రా పెట్టించేవారు. పాడేవాళ్లను చూడ్డానికి జనం ముందుకు తోసుకుంటుంటే నేను పక్కకు వెళ్లి లీడ్ గిటార్ ఆయన్ని చూసేవాణ్ని. ఎర్ర సాటిన్ చొక్కా, చేతిలో మెరిసే గిటార్, దాన్నుంచి వెనక డబ్బాలోకి ఒక వైరు. “ఏరా, ఆ పిల్లాడికి షాక్ కొట్టదూ?” అంది మా నాయనమ్మ. నా భయమూ అదే, నా ఆకర్షణా అదే. కరెంటు తీగల మీద వేళ్లాడిస్తున్న మనిషి కదా! గిటార్‌లోకి కరెంటు పోదనీ, గిటార్‌లోంచే కరెంటు వస్తుందనీ తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. వెంట్రుకంత సన్నటి రాగితీగను అయస్కాంతాల చుట్టూ 7, 8 వేల చుట్లు చుడతారు. దాన్ని పికప్ అంటారు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో పిసరంత కరెంటు పుడుతుంది. డబ్బా దాన్ని పెంచుతుంది. ఫారడే 1831లో తేల్చిన సంగతే, మనం పదో తరగతిలో బట్టీపట్టిందే. పందిట్లో నిలబడి ఉన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఫిజిక్సులో నాకు ఇంకో పది మార్కులు వచ్చేవి.

అదే పందిట్లో మైకు సెట్టాయన స్పీకర్ ఒకటి చిరిగి ఉండేది. గరగరలాడేది. ఊరంతా ఆయన్ని తిట్టేది. 1964లో లండన్‌లో డేవ్ డేవీస్ అనే పదిహేడేళ్ల కుర్రాడు తన స్పీకర్ కాగితాన్ని కావాలని బ్లేడుతో కోశాడు. ఆ గరగరతోనే చేసిన ‘యూ రియల్లీ గాట్ మీ’ రికార్డు బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. మా మైకు సెట్టాయన పుట్టవలసిన ఊళ్లో పుట్టలేదు, అంతే.

కొనడం గురించి చెప్పాలంటే పెద్ద కథేం లేదు. బెజవాడలో జూన్, జూలై నెలలు ఎం.ఎస్.కి అమెరికా పోయే పిల్లలు సామాను వదిలించుకునే కాలం. బైకు, కూలర్, చదువుకునే బల్ల, వాటి మధ్య ఒక గిటార్. స్ట్రాటోకాస్టర్ పోలికలో చేసింది. పది వాట్ల యాంప్లిఫయర్‌తో కలిపి పదకొండు వేలు. తెలిసిన కుర్రాణ్ని వెంట తీసుకెళ్లాను. అతను వడ్రంగి పలక వంకర చూసినట్టు ఒక కన్ను మూసి గిటార్ మెడ వెంట చూశాడు, ప్రతి మెట్టు మీదా తీగ నొక్కి మీటాడు, నాబ్‌లు తిప్పితే కరకరమంటే “దుమ్మండీ, స్ప్రే కొడితే పోతుంది” అని అయిదొందలు తగ్గించాడు. నేను మాత్రం వెనక్కి తిప్పి మెడ మొదట్లో ఉన్న నాలుగు స్క్రూలు చూసి మురిసిపోయాను. ఆ స్క్రూలు లియో ఫెండర్‌వి. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియోలు బాగుచేసే ఆయన. గిటార్ వాయించడం ఆయనకు చివరిదాకా రాలేదు. బహుశా అందుకేనేమో, 1950లో నిండు చెక్క గిటార్‌ని సంగీతం వస్తువులా కాక రేడియోలా చేశాడు. మెడ పాడయిందా, స్క్రూలు విప్పి కొత్తది బిగించుకో. 1954లో చేసిన స్ట్రాటోకాస్టర్‌కి మూడు పికప్‌లు, మూడు గాట్ల స్విచ్చి పెట్టాడు. వాయించేవాళ్లు ఆ స్విచ్చిని రెండు గాట్ల మధ్య ఇరికించి ఆయన అనుకోని గొంతులు పలికించారు. అయిదు గాట్ల స్విచ్చి పెడదామని కంపెనీకి తోచడానికి 1977 దాకా పట్టింది.

కొన్నాక అసలు జబ్బు మొదలవుతుంది. స్టీలీ డాన్ బ్యాండు వాల్టర్ బెకర్ దానికి 1990ల్లో ‘గ్యాస్’ అని పేరు పెట్టాడు, గిటార్లు పోగేసుకునే రోగం అనే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు కలిపి. తెలుగువాడికి ఆ పేరు ఇంకా బాగా అర్థమవుతుంది. నాది ఇప్పటికి అజీర్తి దశలోనే ఉంది: ఒక పెడల్, హెడ్‌ఫోన్లు, రెండు జతల తీగలు. తీగలు తప్పవు. బెజవాడ చెమటకి రెండు నెలల్లో తుప్పు పడతాయి.

నాతో వచ్చిన ఆ కుర్రాడే నా గురువు. ఇరవై మూడేళ్లు. ఆదివారం చర్చిలో లీడ్ వాయిస్తాడు, పెళ్లిళ్ల కాలంలో ఆర్కెస్ట్రాతో ఊళ్లు తిరుగుతాడు. మా వైపు ఎలక్ట్రిక్ గిటార్ బతుకుతున్నది ప్రధానంగా చర్చిల్లోనే అని నా అభిప్రాయం. సినిమా స్టూడియోల్లో ఎవరు వాయిస్తున్నారో మనకు కనపడదు, చర్చిలో మాత్రం వారం వారం పిల్లలు ముందు బెంచీలో కూర్చుని ఆ వేళ్లను చూస్తారు. నేను “మాస్టారూ” అంటే అతను మెలికలు తిరిగిపోతాడు. “అలా పిలవకండి అంకుల్, మా నాన్నకన్నా పెద్దవాళ్లు మీరు.” “మరి తప్పు వాయిస్తే తిట్టాలి కదా నువ్వు?” “తిడతాను అంకుల్, పేరు పెట్టి పిలవండి చాలు.” నిజంగానే తిడతాడు. “మెట్టు మధ్యలో నొక్కుతున్నారు. మెట్టుకి ఆనించి వెనక నొక్కండి. బలం కాదు, చోటు.”

మొదటి నెల ఎడమచేతి వేళ్లు చూసుకుంటే ఏడుపొచ్చింది. అన్నం కలపడం కుడిచేత్తో కాబట్టి బతికిపోయాను. చేతులు కాయలు కాశాయనడం మనకు అలవాటైన మాట, నాకు జీవితంలో ఎక్కడా కాయ కాయలేదు, బ్యాంకు ఉద్యోగం. మూడో నెలలో వేళ్ల చివర్లు గట్టిపడి, ఫోను తెర నా స్పర్శని గుర్తుపట్టడం మానేసిన రోజున ఎంత గర్వపడ్డానో! నొప్పని సణిగినప్పుడల్లా మా గురువు టోనీ అయోమీ కథ తీస్తాడు. బర్మింగ్‌హామ్ కుర్రాడు, రేకుల ఫ్యాక్టరీలో పని. ఆ ఉద్యోగంలో ఆఖరి రోజున యంత్రం అతని కుడిచేతి రెండు వేళ్ల కొసలు కోసేసింది. అతను ఎడమచేతివాటం, అంటే తీగలు నొక్కేవి ఆ వేళ్లే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, తీగలు వదులుగా కట్టుకున్నాడు. బ్లాక్ సబ్బత్ బ్యాండు మోత మోగించింది ఆ చేత్తోనే. ఈ కథ విన్నాక చిటికెన వేలు నొప్పి గురించి ఎవరు నోరెత్తుతారు?

ఇక రొద సంగతి. మొదటిసారి వైరు తగిలించి యాంప్లిఫయర్ వేయగానే, నేను తీగ ముట్టకముందే, గూఁ అని ఒక నాదం. పక్క గదిలోంచి అమ్మ, “శ్రుతిపెట్టె కూడా కొన్నావేంట్రా?” అంది. గోడల్లో పారే కరెంటుని కూడా పికప్ వింటుంది. మన దేశపు కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, అది జి స్వరానికి వెంట్రుకవాసి ఎక్కువ. అంటే శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ప్రతి ఇంటి గోడా ఒకే శ్రుతిలో పాడుతోందన్నమాట! అమెరికా కరెంటు 60 సార్లు ఊగుతుంది కాబట్టి అక్కడి రొద శ్రుతి వేరు. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు 1955లో రెండు చుట్టలను ఒకదానికొకటి ఎదురు పెట్టి రొదతో రొదని కొట్టించాడు. ఆ పికప్ నా గిటార్‌కి లేదు. అయినా నాది మామూలు రొద కంటే ఎక్కువే. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతోంది, తీస్తే పెరుగుతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ పెట్టి చూసి, “మీ గిటార్‌కేం కాలేదు సార్, మీ బిల్డింగ్‌కే అర్తింగ్ లేదు” అన్నాడు. సెల్లార్ పక్కన అర్త్ గుంట ఎండిపోయి నోరు తెరుచుకుని ఉంది. బొగ్గు, కల్లుప్పు వేయించి, రోజూ ఒక బకెట్ నీళ్లు పోయమని వాచ్‌మన్‌కి చెప్పాం. నాలుగు రోజులకి రొద సగం తగ్గింది. అయిదో అంతస్తులో గీజర్ ముట్టుకుంటే జివ్వుమనడమూ ఆగిందట. సెక్రటరీగారు లిఫ్టులో ఈసారి నవ్వారు.

అమ్మ గురించి చెప్పాలి. పెళ్లికి ముందు విజయనగరంలో వీణ నేర్చుకుంది. ఆ బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగలో తొలిచింది, ఇప్పుడు మా అటక మీద గోనెగుడ్డలో ఉంది. వీణకి మెట్లు నిలిచేది మైనం మీద. ఎన్నో బెజవాడ ఎండలకు ఆ మైనం మెత్తబడి మెట్లు జరిగిపోయాయి. మళ్లీ మేళం కట్టించాలి, కట్టేవాణ్ని వెతకాలి, వెతుకుదాంలే అంటూ ఇరవై ఏళ్లు గడిచాయి.

గురువు నాకు పెంటటానిక్ అని అయిదు స్వరాల వరస నేర్పాడు. బ్లూస్, రాక్ వాయించేవాళ్లందరికీ అదే ఓనమాలు. పది రోజులు అదే పైకీ కిందికీ వాయించాను. పదకొండో రోజు అమ్మ పప్పు తాలింపు పెడుతూ, “శుద్ధ ధన్యాసి ఎంతసేపు వాయిస్తావురా అలా చచ్చు స్వరాలతో? గాంధారం ఊపాలి” అంది. నేను బిత్తరపోయాను. సా గా మా పా నీ. నిజమే! బ్లూస్ వాయించే నల్లవాళ్లు ఆ గాంధారాన్నే తీగ పక్కకు లాగి వంచి ఏడిపిస్తారు, వీణ మీద మా అమ్మ తీగ లాగినట్టే. మా గిటార్ గురువు మూడో నెలలో నేర్పబోయే ‘బెండింగ్’ మా అటక మీద గోనెగుడ్డలో ఉంది.

అయితే వీణ మెట్టుకీ మెట్టుకీ మధ్య తీగ కింద చెక్క తగలదు, తీగ హాయిగా సాగుతుంది. గిటార్ మీద చెక్క అడ్డం. జాన్ మెక్‌లాలిన్ అనే ఇంగ్లండు గిటారిస్టు వీణ కూడా నేర్చుకున్నాడు. 1970ల్లో శక్తి బృందంలో వాయించేటప్పుడు తన గిటార్ మెట్ల మధ్య చెక్కను దోనెల్లా తొలిపించుకున్నాడు. అదే మెక్‌లాలిన్ పక్కన తరవాత రోజుల్లో కూర్చుని వాయించింది మన పాలకొల్లు కుర్రాడు, మాండొలిన్ శ్రీనివాస్. మామూలు మాండొలిన్ టింగుమని మూగబోతుంది, గమకం పూర్తయ్యేలోపు నాదం ఉండదు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు కట్టి, ఆ నాదాన్ని సాగదీశాడు. కరెంటు కలిస్తే కచేరీ చెడుతుందన్నవాళ్లకు అంతకు మించిన జవాబు నేను వినలేదు. అమ్మ మాత్రం నా గిటార్‌తో పూర్తిగా రాజీపడలేదు. నేను నిండుగా ఒక కార్డ్ మీటితే మొహం చిట్లిస్తుంది: “ఆ అంతర గాంధారం కాస్త ఎగువన పలుకుతోంది.” అదీ నిజమే. గిటార్ మెట్లు చెవితో పెట్టినవి కావు, స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి లెక్కకట్టి కొట్టినవి. ప్రపంచమంతా ఆ పిసరు తేడాకు అలవాటుపడింది, విజయనగరం పడలేదు.

మొన్న మే నెలలో ఒక రాత్రి పదకొండున్నరకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీ ఆ వారమే చచ్చింది. ఫ్యాన్ ఆగింది, ఫ్రిజ్ ఆగింది, పై అంతస్తు ఏసీ గుర్రు ఆగింది. నేను వైరు లేకుండానే వాయిస్తున్నాను కాబట్టి ఆపలేదు. చీకట్లో ఆ జీరంగి చప్పుడు నాకే వింతగా పెద్దదయింది.

“రెండో తీగ దిగింది రా,” పక్క గదిలోంచి అమ్మ.

బిరడా తిప్పాను.

“ఇంకొంచెం. ఆఁ, చాలు. ఇప్పుడు గాంధారం. అక్కడే నిలబడకు, మధ్యమం అంచు దాకా వెళ్లి రా. తొందరేం లేదు.”

వెళ్లి వచ్చాను. మళ్లీ వెళ్లి వచ్చాను. ఆవిడ గొంతు సన్నగా కలిపింది, నాకు దారి చూపించడానికా, తనకోసమా తెలియలేదు. అలా ఎంతసేపో.

పన్నెండుంబావుకి కరెంటు వచ్చింది. ఫ్యాన్ తిరిగింది. నేను వాయిస్తూనే ఉన్నాను.

“ఆపేశావేంరా?” అంది అమ్మ.