ఉప్పుగాలి ఊళ్లో ప్లాస్మా కటర్

మా వైపు ఇనుముకు ఆయుష్షు తక్కువ. టెక్కలి నుంచి నౌపడ మీదుగా సముద్రం వైపు వెళ్తే ఉప్పుమళ్లు కనిపిస్తాయి. ఆ మళ్ల మీంచి వచ్చే గాలి రావివలస దాకా వీస్తుంది. ఎండల మల్లికార్జునుడు పైకప్పు లేకుండా ఎండకీ వానకీ నిలబడి ఉన్న ఊరు మాది. రాయి తట్టుకుంటుంది, ఇనుము తట్టుకోదు. ఇక పలాస అవతల వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి ఊళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. రంగు వేసిన గేటుకి మొదట అడుగున, వాననీళ్లు చిందే చోట, చిన్న పొక్కు లేస్తుంది. గోటితో గీకితే పొర ఊడి ఎర్రపొడి రాలుతుంది. నాలుగు వానాకాలాలు గడిచేసరికి అడుగు పట్టీ వేలితో నొక్కితే విరిగి వస్తుంది. నడుం పైభాగం మాత్రం నిక్షేపంగా ఉంటుంది.

అందుకే ఇక్కడ ఇంటి దగ్గర ఇనప పని చేసుకునేవాడికి కొత్త గేటు చేయడం ఎప్పుడో ఒకసారి. పాత గేటు అడుగు కోసేసి కొత్త ముక్క అతకడమే ఏటా ఉండే పని. ప్లాస్మా కటర్ అమ్మేవాళ్లు కొత్త రేకును నున్నటి బల్ల మీద పెట్టి కోసి చూపిస్తారు. ఆ కోత చూడముచ్చటగానే ఉంటుంది. కానీ మనం కొనేముందు తెలుసుకోవాల్సింది వేరు. తుప్పు పట్టిన ఇనుము మీద, తడిగాలిలో, సాయంత్రమయ్యేసరికి నీరసించే కరెంటుతో అది ఏం చేస్తుంది?

నాకు ఈ మిషను మీద మనసు పుట్టడానికి తిత్లీ ఒక కారణం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరీ జీడీ తోటలు నేలకూలిన దుఃఖం ఈ తీరపు తోటల సీమ ఉద్దానంలో ఇప్పటికీ ఆరలేదు. ఆ తోటలతో పాటు ఇళ్ల మీది రేకులు, పాకల యాంగిళ్లు, షట్టర్లు కూడా వంగిపోయాయి. కరెంటు వచ్చాక ఊరూరా పాత ఇనుమును సాపు చేసుకుని మళ్లీ నిలబెట్టుకునే పనే. అందరి చేతుల్లోనూ గ్రైండరే. గ్రైండరు మంచి పనిముట్టే కానీ, తుప్పు తిని పలచబడ్డ రేకులో చక్రం ఇరుక్కుంటే పగిలి ముక్కలు మొహం మీదకి ఎగురుతాయి. వంపు కోయడం దానివల్ల కాదు. పెద్ద కటింగ్ మిషను దగ్గరికి గేటును మోసుకెళ్లలేం.

గ్యాస్ కటింగ్ ఉంది కదా అనొచ్చు. గ్యాస్ కటింగ్‌లో ఇనుమును ఎర్రగా కాల్చి, దాని మీద స్వచ్ఛమైన ఆక్సిజన్ వదులుతారు. అప్పుడు ఇనుమే మండిపోయి దారి ఇస్తుంది. మందపాటి ప్లేటుకి ఈనాటికీ దాన్ని మించింది లేదు. పలచటి రేకును మాత్రం అది వంకర తిప్పేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం దానికి లొంగవు. వాటి మీద పుట్టే ఆక్సైడు పొర ఆ లోహం కన్నా ఎక్కువ వేడికి గానీ కరగదు. పైగా ఇంట్లో ఆక్సిజన్ సిలిండరూ గ్యాస్ సిలిండరూ పక్కపక్కన పెట్టుకుని పడుకోవడం నాకు ఇష్టం లేదు. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో అల ముంచుకొచ్చినప్పుడు పరిశ్రమలకు వెళ్లే ఆక్సిజన్‌ను ఆస్పత్రులకు మళ్లించారు. విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్రకు వెళ్లాయి. ఆ మళ్లింపు ముమ్మాటికీ న్యాయమే. కానీ ఉత్త గాలితో ఇనుము కోసే సాధనం ఒకటి ఇంట్లో ఉంటే బాగుంటుందన్న ఆలోచన అప్పుడే నాలో గట్టిపడింది.

ప్లాస్మా కటర్ చేసేది అదే. కంప్రెసర్ నుంచి వచ్చే గాలిని రాగి నాజిల్‌లోని సన్నటి రంధ్రం గుండా తోసి, అదే రంధ్రంలో విద్యుత్తు ఆర్క్‌ను బిగిస్తే, గాలి అణువులు చీలి విద్యుత్తును మోసే స్థితికి వస్తాయి. ఆ స్థితికి ప్లాస్మా అని 1928లో పేరు పెట్టినవాడు అమెరికన్ శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. ఆర్క్‌ను ఇలా ఇరుకు రంధ్రంలో బిగించే టార్చికి యూనియన్ కార్బైడ్‌లో పనిచేసిన రాబర్ట్ గేజ్ పేరున 1957లో పేటెంటు వచ్చింది. లోపల వేడి 20,000 డిగ్రీల దాకా వెళ్తుంది. విద్యుత్తు పారే ఏ లోహమైనా ఆ మొన ముందు కరుగుతుంది, కరిగినదాన్ని గాలి కిందికి ఊదేస్తుంది. మొదట్లో పెద్ద కార్ఖానాలకే పరిమితమైన ఈ యంత్రం, ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్లలో వాడే ఎలక్ట్రానిక్స్ చవకయ్యాక, చేత్తో పట్టుకెళ్లే పెట్టె అయింది.

నాకు ఈ పెట్టె ఎంచిపెట్టినవాడు మా మేనల్లుడు. ఉద్దానం ఊళ్ల నుంచి కుర్రాళ్లు వెల్డింగూ ఫిట్టింగూ నేర్చుకుని గల్ఫ్‌కి, సింగపూర్‌కి, ఇటు గుజరాత్ రేవులకి వలసపోవడం తరాల నాటి కథ. వాడూ అలా వెళ్లినవాడే. సెలవు మీద వచ్చినప్పుడల్లా మా పెరటి పాకలోకి వచ్చి కూర్చుంటాడు. పరాయి దేశంలో ఓడ పలకలు కోసే చెయ్యి సొంత ఊళ్లో ఖాళీగా ఉండడం చూస్తే నాకు బాధేస్తుంది. మూలపేటలో 2023 ఏప్రిల్‌లో రేవుకి శంకుస్థాపన జరిగినప్పటి నుంచి, ఈ చేతులకి ఇక్కడే పని దొరికే రోజు చూడాలని ఆశ.

40 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ మిషన్లు ఇరవై వేలకు కాస్త అటూ ఇటూగా దొరుకుతున్నాయి. నేను ముందు చూసుకున్నది అందులో అన్నింటికన్నా తక్కువ ధరది. వాడు చేత్తో పక్కకి నెట్టేశాడు.

"ఇది మొన తగిలితే గానీ అంటుకోదు మావయ్యా. మన ఇనుమంతా తుప్పే. తుప్పు మీద, రంగు మీద తగిలించి తగిలించి నాజిల్ అరిగిపోద్ది. పైలట్ ఆర్క్ ఉన్నదే సూడు, నాలుగైదు వేలు ఎక్కువైతే ఏటవుద్ది?"

వాడు చెప్పిన ముక్కే ఈ కొనుగోలులో అసలు ముక్క. పైలట్ ఆర్క్ ఉన్న మిషన్లో మీట నొక్కగానే ఆర్క్ టార్చిలోనే పుట్టి, మొన బయటికి చిన్న జ్వాలలా వస్తుంది. ఇనుముకు ఆనించాల్సిన పని లేదు. దగ్గరికి తీసుకెళ్తే అదే దూకుతుంది. తుప్పు పొరనీ, పాత రంగునీ చీల్చుకుని లోపలి లోహాన్ని పట్టుకుంటుంది. చిల్లులు పడ్డ రేకులో సందు వచ్చినప్పుడు ఆర్క్ ఆరిపోకుండా అవతలి అంచుకి దాటుతుంది. కొత్త రేకులు మాత్రమే కోసేవాడికి ఇది లేకపోయినా నడుస్తుంది. సముద్రానికి ఇంత దగ్గరలో ఉన్నవాడు దీని దగ్గర పొదుపు చేయకూడదు.

అన్నట్టు, పెట్టె ధర సగం ఖర్చే. మిగతా సగం గాలిది. టార్చికి నాలుగైదు బార్ల ఒత్తిడిలో నిమిషానికి వంద లీటర్లకు పైనే గాలి ఆగకుండా అందాలి. బండి టైర్లలో గాలి కొట్టే బుల్లి కంప్రెసర్ దీనికి చాలదు. కనీసం 2 హార్స్‌పవర్‌ది, మంచి ట్యాంకు ఉన్నది కావాలి. అంతకన్నా ముఖ్యం ఆ గాలి పొడిగా ఉండడం. మా దగ్గర వేసవిలో కూడా చొక్కా ఒంటికి అంటుకుంటుంది. ఆ తేమంతా కంప్రెసర్‌లో నొక్కుకుని నీళ్లవుతుంది. పని ముగిశాక ట్యాంకు అడుగు వాల్వు తిప్పితే తుప్పురంగు నీళ్లు చిమ్ముతాయి. ఆ నీళ్లు టార్చిలోకి చేరితే ఎలక్ట్రోడు, నాజిల్ రెండూ త్వరగా పాడవుతాయి. ఎలక్ట్రోడు రాగిది, దాని ముక్కులో హాఫ్నియం అనే అరుదైన లోహపు చుక్క పొదిగి ఉంటుంది. ఆ చుక్కే ఆర్క్‌ను మోస్తుంది. అది గుంట పడిపోయి, రాగి కాలడం మొదలైతే ఆర్క్‌లో పచ్చటి రంగు కనిపిస్తుంది. ఆ రంగు చూసిన వెంటనే ఆపి మార్చాలి.

అందుకని నీటి ఫిల్టరును కంప్రెసర్‌కి ఆనుకుని పెట్టకుండా, పొడవాటి పైపు వేసి మిషను దగ్గర పెట్టించాను. గాలి పైపులో చల్లబడి నీళ్లుగా మారాకే ఫిల్టరు వాటిని పట్టగలదు, వేడి గాలిలోని ఆవిరిని పట్టలేదు. అమ్మేచోట ఇది చెప్పేవాళ్లు అరుదు.

కరెంటు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. 40 ఆంపియర్లనేది కోసే కరెంటు. దానికోసం గోడలోంచి మిషను లాగేది నిండు లోడులో ముప్పై ఆంపియర్ల దాకా ఉంటుంది. కంప్రెసర్ అదనం. ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గుకి తగిలిస్తే తీగ వేడెక్కుతుంది. మీటరు దగ్గర నుంచి వేరే మందపాటి రాగి తీగ, దానికి తగ్గ ఎంసీబీ, సరైన ఎర్తు వేయించాలి. లోడు పెంచమని విద్యుత్తు సంస్థకి దరఖాస్తు పెట్టాలి. సాయంత్రం ఇళ్లన్నిటా ఫ్యాన్లూ మోటార్లూ తిరిగే వేళ ఓల్టేజీ పడిపోతుంది, ఆర్క్ తెగిపోతుంది. నేను ఉదయం పూటే కోస్తాను.

ఇక కోత. గేటును పడుకోబెట్టి, ఎర్తు క్లాంపు పట్టే చోట మాత్రం తుప్పు పూర్తిగా గీకి మెరుపు తేలుస్తాను. పైలట్ ఆర్క్ ఎంత మంచిదైనా ఈ క్లాంపు కింద తుప్పు ఉంటే ఏమీ చేయలేదు. మంచి ఇనుము ఎక్కడ మొదలవుతుందో సుత్తితో తట్టి చూస్తే మోత చెబుతుంది. బోలుగా పలికిన చోటు దాటి, ఖంగుమన్న చోట సుద్దతో గీత గీసి, యాంగిల్ ముక్కను ఆసరాగా బిగిస్తాను. మొనను రెండు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంచి మీట నొక్కితే బుస్సుమని గాలి, వెంటనే నీలి వెలుగు. తర్వాత కళ్లన్నీ కింద రాలే నిప్పురవ్వల మీదే పెట్టాలి. అవి కొంచెం వెనక్కి వాలి పడుతుంటే వేగం సరిపోయినట్టు. పైకి ఎగజిమ్ముతుంటే చెయ్యి తొందరపడుతోంది, కోత కిందదాకా దిగలేదు. నిట్టనిలువుగా పడుతూ అంచుకు ముద్దలు కడుతుంటే చెయ్యి ఆలస్యం చేస్తోంది. ఆ ముద్దలు ఉలితో తడితే రాలిపోతాయి. తొందర వల్ల అంటుకున్న సన్నటి గట్టి పూస మాత్రం గ్రైండరుకి గానీ వదలదు. 3 మిల్లీమీటర్ల రేకు అడుగు పొడవు పది పన్నెండు సెకన్లలో విడిపోతుంది. వీడిన అంచు మీద చెయ్యి పెట్టేంత త్వరగా చల్లారుతుందనుకోవద్దు. మీట వదిలాక కాసేపు గాలి వస్తూనే ఉంటుంది, టార్చిని చల్లార్చడానికి. అది ఆగేదాకా మిషను కట్టేయకూడదు.

చతురస్రపు పైపులతో కిటికీ గ్రిల్లు, మంచం కోళ్లు చేసుకునేవాడికి ఈ మిషను అక్కర్లేదని నా అభిప్రాయం. దానికి కటింగ్ చక్రమే నేరుగా, శుభ్రంగా కోస్తుంది. రేకు పని ఉన్నవాడికి, వంపులూ రంధ్రాలూ కావాల్సినవాడికి, స్టెయిన్‌లెస్ ముట్టుకునేవాడికి, పాత ఇనుముకు మరమ్మతు చేసేవాడికి మాత్రం ఇది చేతికొచ్చిన వరమే.

ప్రమాదాల గురించి గట్టిగా చెప్పాలి. చలువ కళ్లద్దాలు పనికిరావు. ఈ ఆంపియర్లకి తక్కువలో తక్కువ 5, 6 నంబరు వెల్డింగ్ అద్దం ఉండాలి. పొగ ఊపిరిలోకి పోకుండా మాస్కు ఉండాలి. జింకు పూత రేకులు కోస్తే తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే సాయంత్రానికి చలీ వణుకూ జ్వరం పట్టుకుంటాయి. తుపానుకు ఎగిరొచ్చిన రేకుల్లో ఎక్కువ అవే. రవ్వలు అంత దూరం ఎగురుతాయనుకోం గానీ ఎగురుతాయి. మా పెరళ్లలో ఎండు కొబ్బరి మట్టలు, పీచు ఎప్పుడూ ఉంటాయి. వాటిని ఊడ్చి, బకెట్టు నీళ్లు పెట్టుకున్నాకే మొదలుపెట్టాలి. నూనె, రంగు, డీజిలు ఉన్న పీపాల జోలికి అసలు పోకూడదు. ఖాళీగా కనిపించే పీపాలో మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. పలాస, కాశీబుగ్గల నుంచి జీడిపిక్కలు కాల్చిన పాత డ్రమ్ములు కోసిపెట్టమని తెస్తారు. వాటి లోపల జీడి నూనె నల్లగా పేరుకుని ఉంటుంది. అది ఒంటికి తగిలితే పొక్కుతుంది, కాలితే పొగ కళ్లూ గొంతూ మంటెత్తిస్తుంది. పూర్తిగా గీకి కడిగి తెస్తేనే కోస్తామని చెప్పి వెనక్కి పంపుతున్నాం.

ఇప్పుడు చేతిలో ఉన్న పని జీడిపప్పు ఆరబెట్టే ట్రేలది. మేనల్లుడు మళ్లీ విమానం ఎక్కేలోగా పూర్తి చేయాలి. రేకు 16 గేజీ స్టెయిన్‌లెస్, మూలల్లో గుండ్రటి వంపు. ప్లైవుడ్‌తో అచ్చు కోశాం. టార్చి అచ్చుకు ఆనుకుని జరుగుతుంది కాబట్టి, నాజిల్ అంచు నుంచి కోత గీత దాకా ఉండే దూరం కొలిచి, అచ్చును అన్ని వైపులా ఆ మేరకు తగ్గించాం. ముందు పాత రేకు మీద ఒకటి కోసి కొలతలు చూసుకుంటాం. సరిపోయాక మంచి రేకు బల్ల మీదకి ఎక్కిస్తాం.