కాశీ చెంబు

మా పూజగదిలో మూతకు మాటు వేసిన చిన్న రాగి చెంబు ఒకటి ఉండేది. అందులో 2004లో నాన్న కాశీ నుంచి తెచ్చిన గంగ. నాయనమ్మ మంచాన పడి ఉండటంతో అప్పుడు అమ్మ వెళ్లలేకపోయింది. "రామేశ్వరానికి మాత్రం ఇద్దరం కలిసే వెళ్దాం. ఈ గంగతో స్వామికి అభిషేకం చేయిద్దాం" అన్నాడు నాన్న.

తర్వాత అక్క పెళ్లి, నా చదువు, ఇల్లు కట్టడం... ప్రయాణం ఏటికేడు వాయిదా పడింది. 2019లో నాన్న పోయాడు. ఆపై వాయిదాలన్నీ నావే. 'సెలవు దొరకలేదమ్మా' అని ఎన్నిసార్లు అన్నానో! అమ్మ ఏమీ అనేది కాదు. పండగ వస్తే చాలు, చెంబును చింతపండుతో తోమి మళ్లీ అక్కడే పెట్టేది.

చివరికి మొన్న మాఘమాసంలో బయల్దేరాం. మదురైలో మీనాక్షమ్మను చూసుకుని, మర్నాడు పొద్దున్నే రామేశ్వరం రైలెక్కాం. చెంబు అమ్మ ఒళ్లోనే ఉంది. మండపం దాటగానే రైలు సముద్రం మీదికొచ్చింది. 1914 నాటి వంతెనకు బదులు 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొత్త పాంబన్ వంతెన అది. రెండు వైపులా నీళ్లే. అమ్మ కళ్లు మూసుకుని దణ్నం పెట్టింది.

మర్నాడు అగ్నితీర్థంలో, అంటే సముద్రంలోనే, మునిగి గుళ్లోకి వెళ్లాం. లోపల ఇరవై రెండు తీర్థాలు. బావి గట్టున నిలబడి తోడి, తలమీద కుమ్మరిస్తారు. అమ్మకు డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. "నాలుగు చాలమ్మా" అన్నాను. "మీ నాన్నకోసం కూడా పోయించుకోవాలిరా" అంటూ నా భుజం పట్టుకుని అన్నీ తిరిగింది.

పొడిబట్టలు కట్టుకుని దర్శనానికి వెళ్లాం. ఇన్నేళ్ల మాటు ఊడింది. గంగ స్వామి మీద పడుతుంటే అమ్మ రెప్ప వేయలేదు.

బయటి ప్రాకారంలో ఓ స్తంభం పక్కన కూర్చున్నాం. "చాలా ఆలస్యం చేశానమ్మా. నాన్న ఉండగా రావాల్సింది" అన్నాను. గొంతు పెగల్లేదు.

"హనుమ కూడా ఆలస్యంగానే వచ్చాడురా" అంది అమ్మ. "కైలాసం నుంచి లింగం తెచ్చేసరికి ముహూర్తం మించిపోతోందని, సీతమ్మ ఇసుకతో చేసిన లింగాన్నే రాముడు ప్రతిష్ఠించేశాడు. హనుమ చిన్నబుచ్చుకుంటే, నువ్వు తెచ్చిన లింగానికే మొదటి పూజ అన్నాడు. ఇప్పటికీ ఇక్కడ అంతే. ఈ ఊళ్లో ఆలస్యంగా వచ్చినవాణ్ని కోప్పడరు."

మధ్యాహ్నం ధనుష్కోటి వెళ్లాం. 1964 డిసెంబరు తుపానుకు తుడిచిపెట్టుకుపోయిన ఊరు. మొండిగోడల చర్చి, ఇసుక, ఆపైన సముద్రం. అమ్మ వంగి, ఖాళీ చెంబులోకి గుప్పెడు ఇసుక తీసుకుంది. ఈ ఇసుక ప్రయాగలో కలపాలి, అప్పుడే యాత్ర పూర్తయినట్టట.

"ఎప్పుడు వెళ్దామమ్మా?" ఈసారి నేనే అడిగాను.