మేస్త్రీకి, ఏజెన్సీకి తేడా ఏంది?

పోయిన వారం మన గ్రూపుల ఒక తమ్ముడు అడిగిండు, "అన్నా, మ్యాన్‌పవర్ ఏజెన్సీ ద్వారా పని ఉందంట, పోవచ్చా" అని. కింద చాలామంది "పోకు, అంతా బ్రోకర్లే" అని రాసిన్రు. నేను ఆ రోజు ఏం రాయలే. పోయిన దసరా సెలవుల్ల నేనే అట్ల పోయొచ్చిన. కొంచెం పొడుగైతది, ఓపికగా చదవండి.

మాది కోయిలకొండ వైపు తండా. మా ఇంట్ల కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. పాలమూరుల ఎస్టీ హాస్టల్‌ల ఉండి డిగ్రీ సెకండియర్ చదువుతున్న. మా బాపు, యాడి చానా ఏండ్లు చెరుకు కొట్టుడుకు, తర్వాత పుణెల బిల్డింగ్ పనులకు పోయిన్రు. దీపావళి కాంగనే లారీ వచ్చేది. నన్ను దాది దగ్గర విడిచిపోయేటోళ్లు.

వాళ్లను తోలుకపోయింది మేస్త్రీ. ఆలోచిస్తే ఆయన కూడా ఏజెన్సీనే. ఎక్కడో ఉన్న చెరుకు ఫ్యాక్టరీకి మా తండా పేరు కూడా తెల్వదు. ఎవరింట్ల ఎందరు పనిచేస్తరు, ఎవరు మధ్యల పారిపోరు, ఇవన్నీ మేస్త్రీకి తెలుసు. దేశంల ఎక్కడ ప్రాజెక్టు కట్టినా "పాలమూరు లేబర్" అనే మాట వినపడ్డదంటే ఈ మేస్త్రీల వల్లనే. పెద్ద మేస్త్రీ కింద గుంపు మేస్త్రీ, ఆయన కింద మనం. తలకింత అని కమీషన్.

కాని మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చేది. అక్కడే గొలుసు పడ్డది. అక్క పెండ్లికి బాపు పట్టిన పైసలు తీర్చేతందుకు మూడు సీజన్లు పోయిన్రు. లెక్క మేస్త్రీ నోట్‌బుక్‌లనే ఉండేది, బాపుకు చదువు రాదు. వేరే రాష్ట్రానికి తీసుకపోయే కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇయ్యాలె, కూలి రేటు అందుల రాయాలె అని 1979 చట్టంలనే ఉండె. నేను డిగ్రీల చదివి చెప్తే బాపు నవ్విండు. అసుంటి బుక్కు జన్మల చూడలేదంట.

ఇక నా సంగతి. షాద్‌నగర్ దిక్కు ఒక ఆన్‌లైన్ సామాన్ల గోదాం, పేరు వద్దు. ఏజెన్సీ ఆయన ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ తీసుకున్నడు, అడ్వాన్సు ముచ్చటే లేదు. పొద్దుగాల బస్సు, లోపల బార్‌కోడ్ స్కానింగ్, ప్యాకింగ్. ఒకసారి అన్నం టైముల సూపర్‌వైజర్ సార్‌ను అడిగిన, "మీరే నేరుగా తీసుకోవచ్చు గద సార్" అని. ఆయన అన్నడు: "పండుగకు ఇంతమంది కావాలె, పండుగ అయిపోతే సగం మంది కూడా అక్కర్లేదు. వారంల రెండు వందల మందిని వెతికి, కాయితాలు చూసి, పీఎఫ్ కట్టుడు మాతోని కాదు. పది మంది రాకపోతే ఏజెన్సీ ఇంకో పది మందిని పంపుతది." వ్యాపారానికి ఏజెన్సీ ఎందుకో ఆ ఒక్క ముచ్చటతోనే సమజైంది. చెరుకు సీజన్ లెక్కనే ఇది కూడా సీజనే.

మనకు కూడా లాభం లేకపోలేదు. సిఫారసు లేకుంటే మనలాంటోళ్లను గేటు లోపలికి రానియ్యరు. నా రూమ్మేటుది దేవరకొండ. వాళ్లన్న చౌటుప్పల్ దిక్కు మందుల కంపెనీల ఏజెన్సీ ద్వారానే చేరి, రెండేండ్లకు కంపెనీ రోల్ మీదికి పోయిండు. విదేశాల పనులకైతే మన సర్కారుకే టామ్‌కామ్ అని ఒక సంస్థ ఉంది, ఊళ్లె తిరిగే గల్ఫ్ ఏజెంటుకు లక్షలు పోసేకన్న ముందు అక్కడ అడగండి.

మరి నాకు ఎక్కడ దెబ్బ తాకింది? జీతం అకౌంట్ల పడ్డది, కాని స్లిప్పుల తొమ్మిది రోజుల ఓటీ లేదు. పీఎఫ్ 12 శాతం కోసిన్రు, యూఏఎన్ నంబర్ ఇయ్యలే. గోదాం హెచ్‌ఆర్ మేడంను అడిగితే "నువ్వు మా ఎంప్లాయీవి కాదు, ఏజెన్సీని అడుగు" అన్నది. ఏజెన్సీ ఆయన ఫోన్ ఎత్తలే. బాపు మేస్త్రీనన్న ఇంటికి పోయి అడిగేటోడు, నాకు ఆ ఇల్లు కూడా తెల్వదు.

ఒక సీనియర్ అక్క, లా చదువుతది, దారి చెప్పింది. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమానే కట్టాలె అని 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంల రాశిన్రు, ఇప్పటి లేబర్ కోడ్‌ల కూడా ఆ మాట ఉంది. ఆ మాట పెట్టి గోదాంకు, ఏజెన్సీకి ఇద్దరికీ ఒకటే లెటర్ రాసి, రిజిస్టర్ పోస్టు చేసిన. వారంల యూఏఎన్ మెసేజ్ వచ్చింది. పాస్‌బుక్ తెరిచి చూస్తే నా వంతు, యజమాని వంతు రెండూ పడ్డయి. బాపుకు చూపిస్తే ఫోన్ చేతులకు తీసుకొని చానాసేపు చూసిండు. "నీ పేరు మీదనేనా?" అన్నడు.

ఓటీ పైసలు మాత్రం ఇంకా రాలే.

అందుకే తమ్ముడూ, పోవద్దని నేను చెప్ప. పోయే ముందు ఏజెన్సీ లైసెన్సు నంబర్ అడుగు, ఆఫీసు ఎక్కడుందో కండ్లతోని చూసిరా, హాజరు ఫొటోలు రోజూ ఫోన్‌ల పెట్టుకో. నేను పెట్టుకున్న గాబట్టే ఇప్పుడు చేతిల రుజువు ఉంది. వచ్చే సోమవారం మహబూబ్‌నగర్ లేబర్ ఆఫీసుల అర్జీ పెడుతున్న. నాతోని ఆ గోదాంల చేసినోళ్లు, ఓటీ రానోళ్లు ఈ గ్రూపుల ఇంకా నలుగురైదుగురు ఉన్నరని తెలుసు. పేర్లు కింద రాయండి, కలిసే పోదాం.