నెల మొదటి ఆదివారము

శుక్ర శనివారములు సెలవులైన ఈ ఖతార్ దేశమున ఆదివారమనగా పని మొదలగు దినము. అట్టి ఆదివారములలో నెలకు మొదటిదాని ఉదయమున, అబూ హమూర్‌లోని మా గిడ్డంగికి సరకుబండ్లు రాకమునుపే, గోడలవెంబడి నడచుచు మంటలార్పు ఎర్ర సిలిండర్లను, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలను తనిఖీచేయుట ఏడేండ్లుగా నా వంతుకు వచ్చిన పని. గేజిముల్లు ఆకుపచ్చ గడిలో నిలిచినదా, పిన్నుకు వేసిన సీలు తెగలేదా, గొట్టము పగులలేదా యని చూచి, పొడి సిలిండరునైతే తలక్రిందులుగా త్రిప్పి చెవియొద్ద నుంచుకొందును. లోని పొడి సన్నని ఇసుకవలె జాఱు సవ్వడి వినబడనిచో అది గడ్డకట్టినదేమో యని అనుమానింపవలెను. కార్బన్ డయాక్సైడు సిలిండరుకు గేజి యుండదు గనుక దానిని తూచియే తెలిసికొనవలెను.

ఖతార్ కార్మికశాసనము (2004, 14వ సంఖ్య) తన 104వ అధికరణమున, 5 మొదలు 25 మంది పనివారికి ఒక ప్రథమచికిత్స పెట్టెను అందరికిని కనబడు చోట నుంచి, దానిని వాడ నేర్చిన వానికి అప్పగింపవలెననియు, పనివారు 100కు మించినచో నర్సునే నియమింపవలెననియు విధించినది. మేము 40 మందిమి, పెట్టెలు రెండు, అప్పగింత నాది.

నాలుగేండ్ల క్రిందట జగిత్యాలనుండి వచ్చిన యొక యువకుని కంట సిమెంటు పొడి పడెను. "అన్నా, కన్ను మండుతున్నది, ఏం కనబడ్తలేదు" అని అతడు నా భుజము పట్టుకొనగా, పరుగున పోయి పెట్టె తెరచితిని. కన్ను కడుగు సెలైను సీసా యథాస్థానముననే యున్నది. ఎవరో వాడి మరల నిలిపినందున అడుగున రెండు చుక్కలు మాత్రము మిగిలినవి. మూతలోని చీటీపై ఆ నెల గడిలోని సంతకము నాదే. ఆ ఆదివారమున సీసాను చూచితినేగాని చేతబట్టి యెత్తలేదు. సిమెంటునకు క్షారగుణ ముండుటచే జాగుచేయరాదు. తాగునీటి సీసాలు ఒకదానివెంట నొకటి విప్పి, ఇరువది నిమిషములు ధారగా పోసి, ఆసుపత్రికి చేర్చితిమి. దైవకృపచే చూపు దక్కినది. నీరు పోయునంతసేపు నా బొటనవ్రేలిక్రింద అతని రెప్ప పిట్టరెక్కవలె కొట్టుకొనుచుండెను; ఆ స్పర్శ నేటికిని నా వ్రేలిని విడువలేదు.

జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు, ఉదయము 10 నుండి మధ్యాహ్నము 3.30 దాక ఆరుబయలు పని నిషిద్ధమగు ఆ ఎండలలో మొదట తఱుగునవి ఓఆర్‌ఎస్ పొట్లాలు. అడుగక తీసికొనిరని నేనెవ్వరిని మందలింపను. తఱిగినన్ని మరల నుంచెదను.

ఇప్పుడా యువకుడు తనిఖీవేళ నావెంట వచ్చి, టార్చి పట్టుకొని, గడువు తేదీలను పైకి చదువును. చదివిన పిదప ప్రతి సీసాను నా చేతికిచ్చును. బరువు చూచుకొని, అటుపిమ్మట సంతకము చేయుదును.